చదువు ఆగిపోయే చోటు
సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాస పాఠం

సురవరం ప్రతాపరెడ్డి అనగానే గోలకొండ పత్రిక, గోలకొండ కవుల సంచిక, ఆంధ్రుల సాంఘిక చరిత్ర వరసగా గుర్తుకొస్తాయి. పాలమూరు (మహబూబ్‌నగర్) మట్టిలో పుట్టిన ఆ పండితుడు 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడని, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచాడని సభల్లో చెప్పుకుంటారు. ఆయన చేసిన మరో పనికి అంత పేరు రాలేదు. హైదరాబాదులోని రెడ్డి హాస్టల్ బాధ్యతలు ఆయన కొన్నేళ్లు మోశారు. పల్లెల నుంచి పట్నానికి చదువుకోసం వచ్చిన పిల్లలకు ఒక గది, రెండు పూటలా అన్నం, చేతికందే దూరంలో పుస్తకాలు ఉండేలా చూడటం ఆ పని. బియ్యం బస్తాల లెక్క, జ్వరంతో పడుకున్న కుర్రవాడికి మందు, ఇంటి నుంచి మనియార్డరు రాని నెలలో వాడి భోజనం. హాస్టల్ నడపడమంటే ఇవే. కరోనా కాలంలో కాలేజీ విద్యార్థికి అత్యవసరంగా కావలసిన డబ్బు ఎక్కడ దొరికింది, ఎక్కడ దొరకలేదు అన్న విషయాన్ని ఆయన స్మృతిలో చేసే ఉపన్యాసానికి ఎంచుకోవడం అందుకే.

ఆ హాస్టల్ పుట్టింది 1918లో. పోలీసు శాఖలో కింది మెట్టు నుంచి ఎదిగి 1920లో హైదరాబాదు కొత్వాలు అయిన పాలమూరు బిడ్డ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో, సంస్థానాధీశుల విరాళాలతో అది మొదలైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిందీ ఆ ఏడాదే. ఆ ఏడాదే బొంబాయి రేవులో దిగిన ఇన్‌ఫ్లుయెంజా దేశమంతా పాకి, చరిత్రకారుల అంచనాల ప్రకారం కోటి మందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. వానలు కూడా ఆ ఏడు మొహం చాటేశాయి. విశ్వవిద్యాలయం, వసతి గృహం, మహమ్మారి, కరువు ఒకే సంవత్సరంలో ఎదురుపడ్డాయి. చదువు చెప్పే చోటుతో పాటే చదువుకునేవాడు తిని పడుకునే చోటు కూడా కావాలని ఆనాటి పెద్దలకు ఎవరూ నూరిపోయనక్కర లేకపోయింది.

అంతకుముందు తెలుగునాట పేద విద్యార్థికి ఉన్న ఆధారం వారాలు. ఊళ్లో ఏడిళ్లు చూసుకుని, ఆదివారం ఒకరింట, సోమవారం ఒకరింట భోంచేస్తూ చదువు పూర్తిచేసిన వాళ్ల ఆత్మకథలు మన సాహిత్యంలో చాలానే ఉన్నాయి. ఆ పద్ధతిలో ఆదరణా ఉంది, అవమానమూ ఉంది. ముఖ్యంగా అది కొన్ని కులాల పిల్లలకే అందింది. తరవాత వచ్చిన హాస్టళ్లు కూడా చాలావరకు కులం పేరుతోనే వచ్చాయి. ఇచ్చే స్తోమత ఉన్న కులానికి హాస్టల్ వచ్చింది, లేని కులానికి రాలేదు. మాదిగవాడల నుంచీ లంబాడా తండాల నుంచీ చెంచు పెంటల నుంచీ పిల్లలు కాలేజీ గుమ్మం తొక్కడానికి ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లు రావలసి వచ్చింది. అందుకే అత్యవసర సహాయం అనే మాట వచ్చినప్పుడు దాతల దయ ఒక్కటే చాలుతుందనే వాదన నిలవదు. ప్రభుత్వం తప్పుకోకూడదు. ప్రభుత్వం ఒక్కటే ఉన్నా సరిపోదని 2020 చూపించింది.

2020 మార్చి 14న తెలంగాణ ప్రభుత్వం విద్యాసంస్థల మూసివేత ప్రకటించింది. 22న జనతా కర్ఫ్యూ. ఆ వెంటనే రాష్ట్రంలో లాక్‌డౌన్, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. ఆ 25వ తేదీన హైదరాబాదు అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి ప్రాంతాల్లో ప్రైవేటు హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. పిల్లలు పెట్టెలు పట్టుకుని పోలీస్ స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం బారులు తీరారు. పత్రం దొరికినవాళ్లు విజయవాడ జాతీయ రహదారి మీద చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ దాటుకుని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. అవతల ఆంధ్రప్రదేశ్ సరిహద్దు మూసి ఉంది. మర్నాటికి పత్రాలే రద్దయ్యాయి, హాస్టళ్లు ఎవరినీ బయటికి పంపకూడదని ప్రభుత్వం ఆదేశించింది. నల్లగొండ జిల్లా జనం ఆ రాత్రి రహదారిపై వాహనాల వరస చూశారు. వాటిలో ఉన్నది ఎక్కువగా చదువుకునే పిల్లలు, కోచింగ్ పిల్లలు, చిన్న ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లు. ఒక్క నెల హాస్టల్ ఫీజు ఎవరైనా భరిస్తామని ముందుకొచ్చి ఉంటే వాళ్లలో చాలామంది రోడ్డెక్కేవారు కాదు.

ఆ రాత్రి ఇల్లు చేరినవాళ్లకు ఇంటి దగ్గర ఏం మిగిలింది?

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఆ ప్రశ్నకు జవాబు వలసతో ముడిపడి ఉంది. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో అక్షరాస్యత అట్టడుగున ఉన్న జిల్లా ఇదే: 55 శాతం. ఆడవాళ్లలో 45 శాతానికి కూడా చేరలేదు. వానాకాలం పంట ఇంటికొచ్చాక గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని ముంబై, పుణె, హైదరాబాదు కట్టడాలకు కుటుంబాలు కదలడం ఇక్కడ తరాల అలవాటు. నాగార్జునసాగర్ ఆనకట్ట నుంచి హైటెక్ సిటీ అంతస్తుల దాకా పాలమూరు లేబర్ చేతులు తగలని కట్టడం తక్కువ. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు ఊళ్లలో కొడుకునో కూతురునో డిగ్రీ చదివిస్తున్న ఇల్లంటే సాధారణంగా ఆ చదువు ఖర్చు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సులో ఒక భాగం. లాక్‌డౌన్ వచ్చింది వలస నడుమన, మార్చి నెలలో. పని ఆగింది, అడ్వాన్స్ బాకీ మాత్రం మిగిలింది. మే నెలలో ముంబై నుంచి తిరిగొచ్చిన కూలీలను ఊరి బయట బడిలో క్వారంటైన్‌లో ఉంచారు. కొన్ని ఊళ్లలో ఆ కూలీల పిల్లలే కాలేజీ నుంచి వచ్చి, బడి గేటు దగ్గర తల్లిదండ్రులకు అన్నం గిన్నె అందించారు.

విద్యార్థి సొంత సంపాదన కూడా అప్పుడే తెగింది. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ పట్టణాల్లో డిగ్రీ కుర్రాళ్లకు పెళ్లిళ్ల సీజనే జీతాల సీజన్. క్యాటరింగ్‌లో వడ్డనకు పోతే రోజుకింత చేతికొస్తుంది, బస్సు పాసుకూ పరీక్ష ఫీజుకూ అదే ఆధారం. కొందరికి జిరాక్స్ షాపు, కొందరికి పెట్రోలు బంకు, ఆడపిల్లలకు ట్యూషన్లు, సెలవుల్లో పత్తి, మిరప ఏరడం. ఏప్రిల్, మే నెలల పెళ్లిళ్లు ఆగిపోయాయి, షాపులు మూసేశారు. సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టూ ఏప్రిల్‌లో కేసులు ఒక్కసారి పెరిగి పట్టణమంతా దిగ్బంధంలో ఉండిపోయింది. మిగిలింది ఉపాధి హామీ పని. ఆ ఏడాది తెలంగాణలో ఆ పనికి గరిష్ఠ రోజుకూలి 237 రూపాయలు. ఎండాకాలం చెరువు పూడిక తీసే చోట గడ్డపార పట్టినవాళ్లలో డిగ్రీ, బీటెక్ చదివే పిల్లలు కనిపించారు. వాళ్ల పక్కనే వాళ్లకు ఒకప్పుడు పాఠం చెప్పిన ప్రైవేటు బడి పంతుళ్లు కూడా ఉన్నారు. మే నెలలో కేంద్రం ఆ పథకానికి అదనంగా 40,000 కోట్లు కేటాయించింది. పల్లెల్లో ఆకలిని ఆపిన వాటిలో దానికి పెద్ద చోటివ్వాలి.

రాష్ట్రం ఏమీ చేయలేదనడం అన్యాయం. తెల్ల రేషన్ కార్డు ఉన్న ప్రతి ఇంటికీ ఏప్రిల్, మే నెలల్లో 1,500 రూపాయల చొప్పున ఖాతాలో వేశారు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు. వేరే రాష్ట్రాల వలస కూలీలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చారు. ఆ డబ్బు తొందరగానే చేరింది. అయితే అది ఇంటిని చూసి ఇచ్చిన డబ్బు. నలుగురు తినే ఇంట్లో 1,500 రూపాయలు పప్పూ నూనెకే చాలవు, అందులోంచి పరీక్ష ఫీజు అడిగే ధైర్యం ఏ పిల్లకూ ఉండదు.

మధ్యాహ్న భోజనం విషయంలో సుప్రీంకోర్టు 2020 మార్చి 18న తనంతట తానే కేసు స్వీకరించి, బడులు మూతపడితే పిల్లల అన్నం సంగతేమిటని రాష్ట్రాలను అడిగింది. ఆ తరవాత బియ్యమో డబ్బో ఇళ్లకు పంపే ఏర్పాటు జరిగింది. జాతీయ ఆహార భద్రత చట్టంలో ఆ హక్కు 14 ఏళ్ల వరకు, ఎనిమిదో తరగతి వరకు ఉంది. పద్దెనిమిదేళ్ల డిగ్రీ విద్యార్థి దాని పరిధిలోకి రాడు. సంక్షేమ హాస్టల్‌లో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారికి అప్పట్లో నెలకు 1,500 రూపాయల మెస్ చార్జీలు ఉండేవి. అది హాస్టల్‌లో వంటకు ఇచ్చే సొమ్ము. హాస్టల్ మూసేస్తే పొయ్యి ఆరిపోతుంది, ఆ పిల్ల ఆకలి మాత్రం ఆమెతోపాటే ఇంటికి వెళుతుంది. రోజుకు యాభై రూపాయలే అయినా, మూసిన నెలల్లో ఆ సొమ్మును విద్యార్థి ఖాతాకు మళ్లించే నిబంధన ముందే రాసిపెట్టి ఉంటే కొత్త బడ్జెట్ ఏదీ అక్కర్లేకుండానే వేలమందికి సాయం అందేది. బడి పిల్లల విషయంలో సాధ్యమైంది కాలేజీ పిల్లల విషయంలో ఆలోచనకే రాలేదు. దీన్ని నిర్లక్ష్యమనే అనాలి.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దీన్ని విస్తరించాక తెలుగు రాష్ట్రాల్లో లక్షల ఇళ్లలో మొదటి ఇంజినీరు, మొదటి ఫార్మసిస్టు, మొదటి ఎంబీఏ తయారయ్యారు. నల్లగొండ చుట్టూ, జడ్చర్ల రోడ్డు మీద, దేవరకొండ దాకా పుట్టిన కాలేజీలను నిలబెట్టిందీ ఈ డబ్బే. ఈ పథకాన్ని చిన్నచూపు చూడటం ఎవరికీ తగదు. కానీ దాని నడక చూడాలి. 2020లో తెలంగాణ నిబంధన ప్రకారం తల్లిదండ్రుల ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు (ఎస్సీ, ఎస్టీలకు రెండు లక్షలు). 75 శాతం హాజరు ఉండాలి. ఈ-పాస్ పోర్టల్‌లో దరఖాస్తు, కాలేజీ పరిశీలన, సంక్షేమ అధికారి ఆమోదం, ట్రెజరీ, టోకెన్, ఆ తరవాత ఎప్పుడో విడుదల. బోధన రుసుం కాలేజీ ఖాతాకు పోతుంది, ఉపకార వేతనం విద్యార్థికి వస్తుంది. రెండింటికీ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుంటాయి. డబ్బు రాని కాలేజీ యాజమాన్యం విద్యార్థిని అడుగుతుంది, కట్టలేనివాడి సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉండిపోతాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. అయినా పీజీ సీటు వచ్చి టీసీ చేతికి రాక చేరలేకపోయినవారి కథలు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు రెండింటిలోనూ ఏటా వినిపిస్తూనే ఉన్నాయి.

అంటే ఇది నెమ్మదిగా నడిచే పెద్ద డబ్బు. మహమ్మారిలో కావలసింది వెంటనే అందే చిన్న డబ్బు.

లాక్‌డౌన్‌లో పెద్ద డబ్బును కూడా కదిలించవచ్చని పొరుగు రాష్ట్రం చూపింది. 2020 ఏప్రిల్ 28న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జగనన్న విద్యా దీవెన ప్రారంభిస్తూ 4,000 కోట్లకు పైగా విడుదల చేసింది, అందులో అంతకుముందు ప్రభుత్వ హయాంలోని 1,880 కోట్ల పాత బకాయిలు కూడా ఉన్నాయి. భోజన వసతి ఖర్చులకు వసతి దీవెన కింద డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు ఏడాదికి 20,000 రూపాయలు రెండు విడతల్లో తల్లుల ఖాతాలో వేసే పద్ధతి ఆ ఫిబ్రవరిలోనే మొదలుపెట్టింది. తరవాత అక్కడా చిక్కులు వచ్చాయి. తల్లుల ఖాతాలో పడిన బోధన రుసుం కాలేజీకి చేరడం లేదని యాజమాన్యాలు కోర్టుకు వెళ్లాయి. 2021 సెప్టెంబరులో అక్కడి హైకోర్టు ఆ సొమ్ము కాలేజీలకే చెల్లించాలని తీర్పు చెప్పింది. కరువులో ఉన్న తల్లి చేతికి డబ్బిస్తే ముందు పొయ్యి వెలిగిస్తుంది, ఫీజు తరవాత చూసుకుంటుంది. ఆమెను తప్పుపట్టలేం. బోధన రుసుం వేరు, బతుకు ఖర్చు వేరు. రెండింటికీ రెండు దారులు కావాలని ఆ అనుభవం నేర్పుతుంది.

ఆన్‌లైన్ చదువు వచ్చాక అవసరం మరో రూపం తీసుకుంది. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. బడి పిల్లలకు టీవీ ఉపయోగపడింది. డిగ్రీ పిల్లలకు ప్రత్యక్ష తరగతులు ఫోనులో. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను తండ్రితో పాటు పనికి పోతుంది. అన్న బీటెక్, చెల్లెలు ఇంటర్ అయితే ఒకే గంటకు ఇద్దరికీ క్లాసు. అమ్రాబాద్, పదర వైపు నల్లమల ఊళ్లలోనూ చందంపేట తండాల్లోనూ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. ఏడెనిమిది వేల రూపాయల ఫోను కొనడానికి మేక అమ్మిన ఇళ్లున్నాయి, తల్లి పుస్తెలు కుదువ పెట్టిన ఇళ్లున్నాయి. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాత్రం ఊళ్లలోనే అరుగుల మీద, చెట్ల కింద చిన్న బృందాలుగా కూర్చుని పెద్దవాళ్లు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతిలో చదువు నిలుపుకున్నారు. డబ్బు లేని చోట మనుషులు చేయగలిగింది అది. అందుకు వాళ్లకు నమస్కారం. కానీ అరుగు మీద నుంచి విశ్వవిద్యాలయ పరీక్ష ఫీజు కట్టలేరు.

2020 నవంబరు మొదటి వారంలో ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్ నుంచి ఒక దుఃఖవార్త వచ్చింది. ఢిల్లీలో పేరున్న కళాశాలలో చదువుతూ, లాక్‌డౌన్‌లో ఇంటికి తిరిగొచ్చిన విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ఇంటి ఆర్థిక ఇబ్బందులు, ఆన్‌లైన్ తరగతులకు ల్యాప్‌టాప్ లేకపోవడం, హాస్టల్ ఖాళీ చేయమన్న నోటీసు, ఎంపికైనా చేతికి రాని స్కాలర్‌షిప్ అప్పట్లో దేశమంతా చర్చకు వచ్చాయి. ఒక ప్రాణం పోవడానికి ఒకే కారణం చెప్పడం తగదు, ఆ కుటుంబం శోకాన్ని వాదనకు సాధనం చేసుకోవడమూ తగదు. వ్యవస్థ గురించి మాత్రం అడగాల్సిందే. ఆ స్కాలర్‌షిప్ పేరు ఇన్‌స్పైర్. సైన్సు చదివే ప్రతిభావంతులకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఏటా 80,000 రూపాయలు ఇచ్చే పథకం, అందులో 60,000 చేతికి వచ్చే సొమ్ము. ప్రతిభను గుర్తించడానికి ఇంత మంచి పథకం రాసినవాళ్లు, ఎంపికైన మొదటి నెలలోనే ఖాతాలో పదివేలైనా పడే ఏర్పాటు ఎందుకు రాయలేదు? కాలేజీలో ఆ విద్యార్థి వెళ్లి తలుపు తట్టగలిగిన ఒక గది, ఆ రోజే నిర్ణయం తీసుకోగల ఒక మనిషి ఎందుకు లేరు? ఈ ప్రశ్న ఒక్క కళాశాలకే చెందినది కాదు. దేశంలో చాలా కళాశాలల్లో అలాంటి గది లేదు.

అలాంటి ఏర్పాటు చట్టంతో చేసిన దేశం ఒకటుంది. అమెరికా 2020 మార్చి 27న తెచ్చిన కేర్స్ చట్టంలో ఉన్నత విద్యకు దాదాపు 1,400 కోట్ల డాలర్లు కేటాయించి, కాలేజీలకిచ్చే వాటాలో కనీసం సగం నేరుగా విద్యార్థుల చేతికి అత్యవసర గ్రాంటుగా ఇవ్వాలని షరతు పెట్టింది. ఆ సగం సుమారు 628 కోట్ల డాలర్లు. తిండి, అద్దె, పుస్తకాలు, కంప్యూటర్, వైద్యం, పసిపిల్లల సంరక్షణ దేనికైనా వాడుకోవచ్చు. తరవాతి చట్టాల్లో ఇంకా పెద్ద మొత్తాలు వచ్చాయి. లోపాలూ ఉన్నాయి. మొదటి విడతలో విద్యార్థుల సంఖ్యను పూర్తికాల చదువు లెక్కన కట్టడంతో, పని చేసుకుంటూ సగం కోర్సులు చదివే పేదలు ఎక్కువగా ఉండే కమ్యూనిటీ కాలేజీలు నష్టపోయాయి. తరవాతి చట్టంలో తలల లెక్క కూడా చేర్చి కొంత సరిదిద్దారు.

మన పిల్లలు ఆ కథలో వేరే వైపు నిలబడ్డారు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ నుంచి ఎంఎస్ చదవడానికి వెళ్లి, క్యాంపస్ క్యాంటీన్‌లోనో లైబ్రరీలోనో గంటల లెక్కన పనిచేసుకునేవాళ్లకు క్యాంపస్ మూతతో ఆ సంపాదన పోయింది. విదేశీ విద్యార్థులను మొదట ఆ గ్రాంట్లకు దూరంగా ఉంచారు. 2020 జులై 6న, పూర్తిగా ఆన్‌లైన్ చదువైతే దేశం విడిచి వెళ్లాలని ఉత్తర్వు వచ్చింది. విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కడంతో 14న దాన్ని ఉపసంహరించుకున్నారు. 2021 మే నెలలో నిబంధన మార్చి, విదేశీ విద్యార్థులకు కూడా గ్రాంటు ఇచ్చే వీలు కల్పించారు. ఈలోగా కడుపు నింపింది తెలుగు సంఘాలు. తానా, ఆటా వంటి సంస్థల కార్యకర్తలు బియ్యం, పప్పు, కూరగాయల సంచులు విద్యార్థుల గదుల ముందు పెట్టి వెళ్లారు, తెలిసినవాళ్లు తమ ఇళ్లలో చోటిచ్చారు. వారాల సంప్రదాయం సముద్రం దాటి, కులం గోడ కొంత తగ్గించుకుని, మళ్లీ కనిపించింది.

మహమ్మారికి తొమ్మిదేళ్ల ముందే అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన ఒక పని ఇక్కడ చెప్పుకోవాలి. కొద్దిపాటి ఫీజు బాకీతో, చదువులో బాగానే ఉన్న విద్యార్థులు పేరు కొట్టివేతకు గురవుతున్నారని అక్కడి అధికారులు గమనించారు. 2011 నుంచి, కొన్ని వందల డాలర్లతో మొదలై 2,500 డాలర్ల లోపు ఉండే చిన్న గ్రాంటును నేరుగా వాళ్ల ఫీజు ఖాతాలో వేస్తున్నారు. విద్యార్థి దరఖాస్తు పెట్టనక్కర్లేదు, విశ్వవిద్యాలయమే లెక్కలు చూసి గుర్తిస్తుంది. డిగ్రీకి దగ్గర్లో ఉన్నవాడు చిల్లర బాకీతో ఆగిపోకూడదన్నది అక్కడి లెక్క. మన దగ్గర ఈ లెక్క ఇంకా సులువు. ఎవరు ఎంత కట్టాలో కాలేజీ ఆఫీసు గుమాస్తాకు కంఠతా వచ్చు.

తెలంగాణలోనే మరో ఉదాహరణ ఉంది. 2021 మార్చిలో రెండో విడత కరోనాతో బడులు మళ్లీ మూతపడ్డాక, ఏప్రిల్‌లో గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకూ సిబ్బందికీ నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. బ్యాంకు ఖాతా, ఆధార్ వివరాలు కలెక్టర్ల ద్వారా తీసుకుని ఆ నెలలోనే పంపిణీ మొదలుపెట్టింది. మొత్తం చిన్నదే. కానీ ఒక ఏడాది ఆలస్యమైనా, నిర్ణయం తీసుకున్నాక రోజుల్లో చేరింది. ఒక వృత్తికి సాధ్యమైనది విద్యార్థులకు ఎందుకు సాధ్యం కాదు? డిగ్రీ ప్రవేశాలు చాలావరకు 2016 నుంచి దోస్త్ ఆన్‌లైన్ విధానం ద్వారానే జరుగుతున్నాయి. పేరు, కాలేజీ, ఆధార్, కుటుంబ ఆదాయం వివరాలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. కేంద్రం 2021 మే 29న ప్రకటించిన పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ కింద కరోనాలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు 10 లక్షల నిధి, చదువుకు సాయం ఏర్పాటయ్యాయి. అది మంచి పని. తండ్రి బతికి ఉండి పని పోగొట్టుకున్న పిల్లవాడికి మాత్రం ఆ తలుపు తెరుచుకోదు.

అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2020 ఏప్రిల్ 15న, లాక్‌డౌన్ ముగిసేదాకా ఫీజు కోసం ఒత్తిడి చేయవద్దని కాలేజీలకు రాసింది. రిజర్వు బ్యాంకు మార్చి 27న ప్రకటించిన వాయిదాల మారటోరియం విద్యారుణాలకు కూడా వర్తించింది, ఆగస్టు 31 దాకా సాగింది. ఇవి గడువును జరిపాయి. జరిపిన గడువు తిరిగొచ్చినప్పుడు, అంటే 2021 ఫిబ్రవరి 1న తరగతులు మొదలై మార్చి 24న మళ్లీ మూతపడ్డ ఆ కొద్ది వారాల్లో, పాత ఫీజు, కొత్త ఫీజు, పరీక్ష ఫీజు కలిసి ఒకేసారి ముందుకొచ్చాయి. చాలామంది చదువు ఆగిన చోటు అదే. పేరు ఎవరూ కొట్టివేయలేదు. హాల్‌టికెట్ తీసుకోవడానికి విద్యార్థి రాలేదు, అంతే. ఆడపిల్ల అయితే ఆ వేసవిలోనే పెళ్లి జరిగిపోయింది.

అత్యవసర నిధి అనగానే ఎదురయ్యే అభ్యంతరం ఒకటే: దుర్వినియోగం. ఆ భయంతోనే మన పథకాలన్నింటికీ ఆదాయ పత్రం, కుల పత్రం, బోనఫైడ్, గెజిటెడ్ సంతకం తగిలిస్తాం. ఐదువేల రూపాయల సాయం కోసం తహసీల్దారు ఆఫీసుకు నాలుగుసార్లు తిరగాల్సి వస్తే ఆ సాయం విలువ సగానికి పడిపోతుంది. చిన్న మొత్తానికి చిన్న విచారణ చాలు. ప్రిన్సిపాల్, ఒక అధ్యాపకుడు, విద్యార్థుల తరఫున ఒకరు కూర్చుని మూడు రోజుల్లో తేల్చాలి. పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టకూడదు. ఇచ్చిన మొత్తాల లెక్క మాత్రం పెట్టాలి. పదిమందిలో ఒకరు అబద్ధమాడినా మిగిలిన తొమ్మిదిమంది చదువు నిలబడుతుంది. ప్రజాధనం లెక్కల్లో ఇంతకంటే మేలైన ఖర్చు అరుదు.

ఈ నిధికి డబ్బు ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లోనే ఉంది. కంపెనీల చట్టం 2013 ప్రకారం లాభాలు గడించే పెద్ద సంస్థలు గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి, విద్య ఆ జాబితాలో ఉంది. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో మందుల పరిశ్రమలున్నాయి. ఆ భూములిచ్చిన రైతుల మనవలు ఇప్పుడు జడ్చర్ల బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ కళాశాల వయసుకు వచ్చారు. వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, చౌటుప్పల్ చుట్టూ రసాయన పరిశ్రమలు ఉన్నాయి. వాటి పొగా నీళ్లూ భరిస్తున్న ఊళ్ల పిల్లలకు ఈ డబ్బు దానం కింద రాదు, హక్కు కింద రావాలి. నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కళాశాలలో, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కళాశాలలో చదివి ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో, అమెరికాలో స్థిరపడినవాళ్లు వేలల్లో ఉంటారు. పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో శాలువాలకూ జ్ఞాపికలకూ అయ్యే ఖర్చుతో ఒక కాలేజీ నిధి మొదలవుతుంది.

కరోనా పోయింది, ఇప్పుడు ఈ మాట ఎందుకని అడిగేవారికి జవాబు 2025 నవంబరు మొదటి వారంలో ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు విడుదల చేయాలని తెలంగాణ ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలలు ఆ వారం బంద్ పాటించాయి. మహమ్మారి లేకుండానే తరగతులు ఆగాయి. తండ్రి ప్రమాదంలో పడిన ఇంట్లో, బోరు ఎండిన ఇంట్లో, మేస్త్రీ మోసం చేసిన ఇంట్లో ఏ సంవత్సరమైనా 2020వ సంవత్సరమే.

కాబట్టి నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయానికి, పాలమూరు విశ్వవిద్యాలయానికి ఈ వేదిక నుంచి ఒక విన్నపం. తమ పరిధిలోని ప్రతి కళాశాలలో అత్యవసర నిధి ఉండాలని పాలకమండళ్లు తీర్మానం చేయాలి, మొదటి మొత్తం తామే వేయాలి. విద్యాసంస్థలు మూసినప్పుడు మెస్ చార్జీలు విద్యార్థి ఖాతాకు చేరేలా సంక్షేమ శాఖలు ఉత్తర్వు తేవాలి. ఇక్కడ కూర్చున్న పూర్వ విద్యార్థులు ఇంటికి వెళ్లేలోగా తమ కళాశాల ప్రిన్సిపాల్‌తో ఒకసారి మాట్లాడాలి. వచ్చే సెమిస్టర్ పరీక్ష ఫీజు గడువు చెప్పే నోటీసులోనే, కట్టలేనివారు ఎవరిని కలవాలో, ఏ గదిలో కలవాలో రెండు లైన్లు అచ్చువేయాలి.